లింగ్విస్టిక్స్‌లో చేరతానంటోంది, చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఎప్‌సెట్‌లో మాత్రం అనుకున్న ర్యాంకు రాలేదు. బీ కేటగిరీలో సీఎస్ఈ సీటు తీసుకుందామని నేనంటున్నాను. తనేమో సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశపరీక్ష సీయూఈటీ రాసింది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లాంగ్వేజ్ సైన్సెస్ ఐదేళ్ల కోర్సుకు వెళ్తానంటోంది. మా కాలనీలో ఒక అమ్మాయి తన లింగ్విస్టిక్స్ మొదటి సెమిస్టర్ నోట్సు ఇస్తే చదివిందట, అప్పటి నుంచీ ఇదే పట్టు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. అసలు ఇందులో ఏం చెబుతారు? ఎన్ని భాషలు వస్తాయి? చదివాక టీచరు ఉద్యోగం తప్ప ఇంకేమైనా ఉంటుందా? — ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: నమస్కారం అండీ. మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది ఎప్‌సెట్ ర్యాంకు కాదు, ఆ నోట్సు సంగతి. ఇంటర్ అయిన పిల్లలు ఫ్రెండ్స్ చేరుతున్నారనో, కోర్సు పేరు బాగుందనో ఒక సబ్జెక్టు కోరుకోవడం రోజూ చూస్తాను. మొదటి సెమిస్టర్‌లో నిజంగా చెప్పే పాఠం చదివి ఇష్టపడటం అరుదు. అందుకే జవాబు కూడా ఆ పాఠం దగ్గరే మొదలుపెడతాను. ఉద్యోగాల విషయం దాటవేయను, తర్వాత వివరంగా రాస్తాను.

లింగ్విస్టిక్స్‌లో భాషలు నేర్పరు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఫ్రెంచో జర్మనో వస్తుందనుకుని చేరి నిరాశపడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. సాహిత్యమూ చెప్పరు. ఏ మాట ఒప్పు, ఏ మాట తప్పు అని తీర్పులిచ్చే వ్యాకరణం కూడా కాదు. జనం ఎలా మాట్లాడుతున్నారో ఉన్నదున్నట్టు రాసుకుని, ఆ మాటల వెనక ఉన్న నియమాన్ని పట్టుకోవడం ఇక్కడ పని. సరుకు భాషే, పద్ధతి మాత్రం సైన్సుది. మీ అమ్మాయి ఎంపీసీలో చదివిన సెట్లు, ఫంక్షన్లు, లాజిక్ ఇక్కడ వృథా కావు.

ఒక క్లాసు ఎలా నడుస్తుందో చూడండి. ఈ పేరా చదువుతూ మీరూ పైకి పలకండి. ‘చాప’ అనండి, తర్వాత ‘చీమ’ అనండి. రెండూ ‘చ’ గుణింతమే. కానీ ‘చాప’ అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తగులుతుంది, ‘చీమ’ అన్నప్పుడు నాలుక కాస్త వెనక్కి జరిగి అంగిలికి ఆనుతుంది. రెండూ వేర్వేరు ధ్వనులు. మనం పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నా ఈ తేడాను గమనించం. టీచరు బోర్డు మీద ఒక పక్క చాప, చలి, చుక్క, చోటు రాస్తారు, ఇంకో పక్క చీమ, చెట్టు, చేప, చిలక రాస్తారు. ఎక్కడ ఏ ‘చ’ వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పమంటారు. కాసేపటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు: తర్వాత వచ్చే అచ్చును బట్టి. అ, ఆ, ఉ, ఓ లాంటివి ఉంటే పళ్ల దగ్గరి ‘చ’, ఇ, ఈ, ఎ, ఏ ఉంటే అంగిలి దగ్గరి ‘చ’. నియమం దొరికిందని క్లాసంతా సంతోషపడుతుండగా టీచరు మూడో వరుస రాస్తారు: చాయ్, చాక్లెట్, చరిత్ర. మన నియమం ప్రకారం వీటన్నిటికీ పళ్ల దగ్గరి ‘చ’ రావాలి. రాదు. ఇరానీ హోటల్లో చాయ్ అడిగేటప్పుడు ‘చాప’లో ‘చ’ పలికేవాళ్లు ఉండరు.

ఇప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. నియమం తప్పా? ఇవి మినహాయింపులా? మినహాయింపులైతే వాటికీ ఒక కారణం ఉండాలి కదా? చరిత్ర సంస్కృతం నుంచి, చాక్లెట్ ఇంగ్లిషు నుంచి, చాయ్ ఉర్దూ హిందీల నుంచి వచ్చాయి. అచ్చ తెలుగు మాటలకు పనిచేసే నియమం అరువు మాటల దగ్గర ఆగిపోయింది. అంటే ఒక భాషలోకి వేరే భాషల మాటలు చేరినప్పుడు పదకోశమే కాదు, ధ్వనుల లెక్క కూడా మారుతుందన్నమాట. గంట క్లాసులో పిల్లలు గమనించడం, ఊహించడం, ఊహను పరీక్షించడం, అది విరిగితే సరిచేసుకోవడం, ఇవన్నీ చేశారు. మీ అమ్మాయిని ఆకట్టుకున్నది ఇలాంటిదే అయితే ఆ ఇష్టాన్ని చులకన చేయకండి. ఇది లెక్కలు ఇష్టపడే బుర్రే, వేరే సరుకు మీద పనిచేస్తోంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. బాబు వచ్చాడు, పాప వచ్చింది, బస్సు వచ్చింది. ఏకవచనంలో పాపనూ బస్సునూ తెలుగు ఒకే గాటన కడుతుంది. బహువచనానికి వెళ్లండి: బాబులు వచ్చారు, పాపలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఇప్పుడు పాపలు బాబుల వైపు చేరిపోయారు. పక్కనే కన్నడంలో, తమిళంలో ఏకవచనంలో కూడా స్త్రీలకు విడిగా రూపం ఉంది. మన ఆదిలాబాద్ గోండి, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా స్త్రీలు మనుషులు కానివాటితోనే ఉంటారు. ఒకే ద్రావిడ కుటుంబంలో మూడు పద్ధతులు. వీటిలో ఏది పాతది, ఏది తర్వాత మారింది అన్నది లింగ్విస్టిక్స్‌లో పెద్ద చర్చ. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ 1816లో మద్రాసు కలెక్టర్ ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ రాసింది కూడా ఇలా రూపాలను పక్కపక్కన పెట్టి చూసే. ఆ మాట అచ్చయింది ఒక తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా. మొదటి సెమిస్టర్ పిల్లలు ఆ స్థాయికి వెళ్లరు గానీ, అదే రకం ఆలోచనను చిన్న చిన్న లెక్కల మీద మొదలుపెడతారు.

మొదటి కోర్సులో మిగతావి దాదాపు ఎక్కడైనా ఒకటే. ధ్వనులు నోట్లో ఎలా పుడతాయి, ఒక భాష వాటిని ఎలా వాడుకుంటుంది, మాటలు ఎలా కడతాం, వాక్యాలు ఎలా కడతాం, అర్థం ఎక్కడి నుంచి వస్తుంది, సమాజంలో భాష ఎలా మారుతుంది. ఏ భాష ధ్వనినైనా రాయడానికి అంతర్జాతీయ ధ్వని లిపి ఒకటి నేర్చుకోవాలి. విని రాయడం ప్రాక్టీసు లేకుండా రాదు. వాక్యనిర్మాణం దగ్గర చాలామంది తడబడతారు, చెట్టు కొమ్మల్లాంటి బొమ్మలు గీయాలి, ప్రతి గీతకూ కారణం చెప్పాలి. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునే అలవాటున్న పిల్లలకు ఇక్కడ గట్టి దెబ్బ తగులుతుంది. కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు మెటీరియల్ చదివి వచ్చిన పిల్లలకు ఈ మాట ముందే చెప్పడం అవసరం, మీ అమ్మాయికీ చెప్పండి.

ఈ సబ్జెక్టు చదవడానికి హైదరాబాద్ కంటే అనువైన ఊళ్లు దేశంలో తక్కువ. ఇది ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదు. ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ విభాగంలో 1962 నుంచి 1986 వరకు ప్రొఫెసర్‌గా ఉన్నది భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ద్రావిడ భాషల మీద ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే పని ఆయనది. ఊరూరా రైతులు వాడే మాటలు సేకరించి ఆయన తయారుచేసిన వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చింది. తర్వాత 1986 నుంచి 1993 వరకు సెంట్రల్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. అక్కడి అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం మొదలైంది ఆయన హయాంలో, 1988లో. తార్నాకలో ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లిషు బోధన కోసం పెట్టిన సంస్థ అది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, లింగ్విస్టిక్స్‌లో ఎంఏ ఉంది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భాషా సాంకేతికతల పరిశోధన కేంద్రం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఒకే ఊళ్లో ఇన్ని ఉండటం వల్ల సెమినార్లకు, వర్క్‌షాపులకు వెళ్లడానికి సిటీ బస్సు పాస్ సరిపోతుంది.

ఊరి మాట సంగతి కూడా చూడండి. పాతబస్తీ దక్కనీలో ‘ఆతూఁ బోల్‌కే బోలా’ అంటారు. ‘వస్తానని చెప్పాడు’ అనే మన వాక్యానికి అచ్చంగా అదే వరుస, మన ‘అని’ ఉన్న చోట వాళ్ల ‘బోల్‌కే’. ఢిల్లీ ఉర్దూలో ఇలా అనరు. వందల ఏళ్లు తెలుగువాళ్ల పక్కన బతికిన భాష తన వాక్యాన్నే మార్చుకుంది. వేరే కుటుంబాల భాషలు పక్కపక్కన ఉండి ఒకదానిలా ఒకటి తయారవడం గురించి ఎమెనో అనే శాస్త్రవేత్త 1956లో భారతదేశాన్ని ఉదాహరణగా తీసుకుని రాశాడు. అది పుస్తకంలో చదవడం వేరు, చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో చెవులారా వినడం వేరు. మీ అమ్మాయి మొదటి ఫీల్డ్‌వర్క్‌కు రైలు టికెట్ అక్కర్లేదు.

ఇక ఉద్యోగాలు. క్యాంపస్‌కు సీఎస్ఈ కోసం వచ్చినన్ని కంపెనీలు లింగ్విస్టిక్స్ కోసం రావు. మూడేళ్లకే డిగ్రీ పట్టుకుని బయటికొస్తే ‘లింగ్విస్ట్’ అనే పేరుతో మంచి ఉద్యోగం దొరకడం కష్టం. ఎంఏ వరకు చదవాలి, దాంతోపాటు ఇంకో నైపుణ్యం చేతిలో ఉండాలి. ఈ రెండింటికీ ఇంట్లో ఒప్పుకుంటేనే ఈ దారి ఆలోచించండి.

ఇంకో నైపుణ్యం ఏమిటన్నది ఆమె ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఎంపీసీ పిల్ల కాబట్టి నా సలహా స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్. కారణం చెప్తాను. ‘రాయించుకోవాల్సొచ్చిందేమో’ అనే మాట తీసుకోండి. రాయడం, వేరేవాళ్లతో చేయించడం, తన కోసం చేయించుకోవడం, తప్పనిసరి, జరిగిపోయింది, అనుమానం, ఇవన్నీ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లిషులో దీనికి ఒక వాక్యం కావాలి. ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకుని తయారైన కంప్యూటర్ పనిముట్లు ఇలాంటి మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరగ్గొడతాయి. దీనికి తోడు కరీంనగర్ మాట, శ్రీకాకుళం మాట, చిత్తూరు మాట. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైమాటే. వీళ్లందరూ ఫోన్‌తో తమ మాటల్లో మాట్లాడాలంటే ఏ జిల్లా నుంచి ఎలాంటి మాటలు రికార్డు చేయాలి, వాటిని ఎలా రాయాలి, యంత్రం ఇచ్చిన అనువాదం ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అని చెప్పగలిగే మనుషులు కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో భారతీయ భాషల అనువాద టెక్నాలజీ కోసం మొదలుపెట్టిన భాషిణి లాంటి ప్రాజెక్టుల్లోనూ, వాయిస్ అసిస్టెంట్లు, అనువాద సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీల్లోనూ ఉండే పని ఇది.

ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఇప్పటి ఏఐ మోడళ్లు వ్యాకరణ సూత్రాలు చెప్పించుకుని నేర్చుకోవు, కోట్ల కొద్దీ వాక్యాల నుంచి నేర్చుకుంటాయి. కాబట్టి ఒకప్పటిలా కూర్చుని సూత్రాలు రాసిచ్చే పనికి గిరాకీ తగ్గింది. డేటా అనొటేషన్ (యంత్రం నేర్చుకోవడానికి వాక్యాలకు గుర్తులు పెట్టే పని) పేరుతో దొరికే ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టు పనులు, ప్రాజెక్టు అయిపోతే పని అయిపోతుంది. కోడ్ రాయడం వచ్చి, లెక్కతో మాట్లాడగలిగి, దానిపైన భాష గురించి లోతుగా తెలిసినవాళ్లు అక్కడ ఆగిపోకుండా పైకి వెళ్తారు. ఏదో ఒకటే ఉంటే ఇబ్బంది.

కంప్యూటర్ వైపు ఇష్టం లేకపోతే బోధన, పరిశోధన. కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లింగ్విస్టిక్స్ ఒక సబ్జెక్టు. అందులోనే పరిశోధన కోసం ఇచ్చే జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. కానీ యూనివర్సిటీల్లో శాశ్వత పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు. మైసూరులో 1969లో పెట్టిన భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది, గిరిజన భాషల పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, రికార్డింగుల పని ఉంది. గిడుగు రామమూర్తి గారు సవరల మధ్య తిరిగి వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు కదా, అలాంటి పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. జీతం కోసం ఈ వైపు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఆ పని మీద ప్రేమ ఉన్న పిల్లలు ఎవరైనా వస్తే మాత్రం ఆపను.

స్పీచ్ థెరపీ కూడా ఇదే కదా అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. కాదండీ. దానికి బీఏఎస్ఎల్‌పీ అనే వేరే డిగ్రీ ఉంది, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మీ అమ్మాయికి ఆసుపత్రి వాతావరణంలో పనిచేయడం ఇష్టమైతే అది విడిగా ఆలోచించండి.

బీ కేటగిరీ సీటు గురించి నా అభిప్రాయం అడగలేదు గానీ చెప్తాను. సీఎస్ఈ మంచి చదువే. కానీ పిల్ల వద్దంటుంటే, పేరు లేని కాలేజీలో, అప్పు తెచ్చి కట్టిన ఫీజుతో నాలుగేళ్లు గడిపించడం నాకు నచ్చదు. బ్యాక్‌లాగులు పడ్డాక నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్లే ఎక్కువ. ఆ అప్పు చేయకపోవడమే మంచిది.

అలాగని ఆమె ఇష్టాన్ని పరీక్షించకుండా ఒప్పుకోమనీ అనను. అమ్మా, ఈ మాటలు నీకే: స్కూలు పిల్లలకు పాణిని లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ అని ఒకటి జరుగుతుంది. అంతర్జాతీయ పోటీకి మన జట్టును ఎంపిక చేసేది అందులోంచే. ఆ అంతర్జాతీయ పోటీ 2003లో మొదలైంది, 2016లో మైసూరులో జరిగింది. పాత ప్రశ్నపత్రాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎప్పుడూ పేరు వినని భాషలో పది వాక్యాలు, వాటి అర్థాలు ఇచ్చి, పదకొండో వాక్యం నువ్వే కట్టమంటారు. జవాబు చూడకుండా రెండు మూడు సమస్యలు చెయ్యి. ఇంకో పని: మీ నానమ్మో అమ్మమ్మో మాట్లాడుతుండగా ఐదు నిమిషాలు, వాళ్లకు చెప్పే, ఫోన్‌లో రికార్డు చెయ్యి. విన్నది విన్నట్టు రాయి, పుస్తక భాషలోకి దిద్దకుండా. ఐదు నిమిషాల మాట రాయడానికి గంట దాటుతుంది. రాస్తుంటే విసుగొచ్చిందా, ‘అరె, ఇలా అంటుందా’ అని మళ్లీ మళ్లీ విన్నావా? విసుగొస్తే దాచకుండా నాన్నకు చెప్పు, అందులో తప్పేమీ లేదు.

ఆమె రెండో రకమైతే, మీరు చేయాల్సినవి ఇవి. సీయూఈటీ స్కోరు వచ్చినంత మాత్రాన సీటు రాదు, సెంట్రల్ యూనివర్సిటీ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ తేదీ తప్పిపోయి బాధపడేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. మూడేళ్లకు డిగ్రీతో బయటికి రావాలంటే నిబంధన ఏమిటో, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్ పేపర్లు వేరే విభాగాల నుంచి తీసుకోవచ్చో లేదో ప్రాస్పెక్టస్‌లో చదవండి, అర్థం కాకపోతే విభాగానికి వెళ్లి అడగండి. ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎంఎస్ కలిపి ఐదేళ్ల కోర్సు ఉంది, దానికి యూజీఈఈ అనే సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. మీ ఇద్దరి కోరికలూ ఒకే చోట తీరేది అక్కడే. పోటీ చాలా ఎక్కువ, గడువు కూడా ముందే ముగుస్తుంది. ఈ ఏడాది దాటిపోయి ఉంటే దాని కోసం ఏడాది వృథా చేసుకోమని మాత్రం చెప్పను.

సెంట్రల్ యూనివర్సిటీలో సీటు రాకపోయినా తలుపులు మూసుకుపోవు. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే దోస్త్‌లో మంచి ప్రభుత్వ కాలేజీ చూసి బీఎస్సీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ తీసుకోమనండి. లింగ్విస్టిక్స్ మొదటి కోర్సును స్వయం పోర్టల్‌లో ఉచితంగా వినొచ్చు. డిగ్రీ అయ్యాక ఉస్మానియా ఎంఏ లింగ్విస్టిక్స్‌కు సీపీగెట్ అనే పీజీ ప్రవేశపరీక్ష రాయొచ్చు, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయొచ్చు, ఇఫ్లూ కూడా ఉంది. బీఎస్సీ చదివి వచ్చిన పిల్లలు ఎంఏలో వెనకబడరు. నిజానికి భాషా సాంకేతికత వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఐదేళ్ల కోర్సు కంటే ఈ దారే గట్టిదని నా అభిప్రాయం. లెక్కల పునాది ముందే పడి ఉంటుంది, ఒకవేళ మూడేళ్లలో మనసు మారినా ఎమ్మెస్సీకో ఎంసీఏకో వెళ్లొచ్చు. కాబట్టి దోస్త్‌లోనూ ఇప్పుడే రిజిస్టర్ చేయించి ఉంచండి.